ఆహార్యం – దాని వెల

నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించినది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. మన విమర్శకులు వీటిలో సాత్త్వికానికి అగ్రపీఠం వేసి, వాచికానికి పక్కనే చోటిచ్చి, ఆంగికాన్ని నాట్యాచార్యులకు వదలిపెట్టినారు. ఆహార్యాన్ని మాత్రం తెర వెనుక పెట్టెలలో పెట్టి తాళం వేసినారు. వేసుకొని విప్పివేసే వేషంలో చర్చించవలసినది ఏమున్నదని వారి అభిప్రాయం కాబోలు. అయినా తెలుగునాట ఆహార్యానికి రాజమర్యాద జరిగిన సందర్భం ఒకటున్నది. అది పురుషుడు స్త్రీవేషం ధరించిన సందర్భం.

స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా రంగమెక్కినప్పుడు ఆయన చీరకట్టును చూచి గృహిణులే నేర్చుకొన్నారని పెద్దలు చెప్పుకొనే మాట. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించినది. కూచిపూడిలో భామవేషానికి పర్యాయపదమైన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో అదే బిరుదు వచ్చినది. కూచిపూడి భాగవతుల ఇంట పుట్టిన ప్రతి మగబిడ్డ జీవితంలో ఒక్కసారియైనా సత్యభామ వేషం కట్టవలెనని సిద్ధేంద్రుని సంప్రదాయం. ఆ సత్యభామ తెర మీదుగా జడ వేసి సభను సవాలు చేస్తుంది. ఆ జడకు, ఆ చీరకు వెల లేకపోలేదు. కాని ఆ వెల టిక్కెట్టులోనో, దాతల సంభావనలోనో కలిసిపోయి నటునికి కీర్తిరూపాన తిరిగి వచ్చేది. ఆట ముగిసిన తరువాత చీర మడతపెట్టి, పంచె కట్టుకొని, ఆయన ఇంటికి పోయేవాడు. నిజానికి ఆ మెప్పంతా ఆ పంచెను నమ్ముకొన్నదే. పంచెకు తిరిగి రాని మనిషి సంగతి ఏమిటన్న ప్రశ్న రంగస్థల విమర్శకు తోచలేదు.

ఆ ప్రశ్నకు సమాధానంగా చదువదగిన గ్రంథం ఏ. రేవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’. రేవతి తమిళంలో వ్రాసినదానిని వి. గీత ఆంగ్లంలోకి తేగా అది 2010లో వెలువడినది. దానిని పి. సత్యవతి తెలుగు చేసినారు. ఆ తెలుగుసేతకు 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం లభించినది. దీనిని హింసాచరిత్రగా చదవడం సులభం. ఇంటివారి దెబ్బలు, పోలీసుల దెబ్బలు, రౌడీల దెబ్బలు పుటపుటనా ఉన్నవి. పాఠకుని కన్ను వాటి మీదనే నిలుస్తుంది. అయితే ఈ గ్రంథాన్ని వస్త్రచరిత్రగా చదివినవారికి మరింత లోతైన అర్థం దొరుకుతుంది. దెబ్బలు బయటినుండి వచ్చినవి. చీర ఆమె కోరి తెచ్చుకొన్నది. దానికి ఆమె చెల్లించినదేమిటో గ్రంథమంతటా పరచుకొని ఉన్నది.

ప్రారంభం చిన్నదే. నామక్కల్ ప్రాంతపు పల్లెలో మగపిల్లవానిగా పెరుగుతున్న బిడ్డ అక్క బట్టలు కట్టుకొని మురిసిపోతాడు. ఈ దశలో చీర వెల శూన్యం, ఇంట ఉన్నదే. ఊరి జాతరలో కురవంజి వేషం కట్టినప్పుడు చూచినవారందరూ మెచ్చుకొంటారు. లోకం దానిని వేషమనుకొన్నది. కట్టినవారికి మాత్రం అది వేషం విప్పినట్లున్నది. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనంటే, ఇక్కడ ఆహార్యం సాత్త్వికంగా మారినది. చొక్కాయే కృత్రిమమైన ఆహార్యం, రేయింబవళ్లు విప్పరానిది. ఒక్క జాతర రాత్రికి దొరికిన ఆ అనుమతి తెల్లవారగానే రద్దయినది. స్థానంవారికి దేశం ఇచ్చిన మర్యాదకు, ఈ బిడ్డకు ఊరు ఇచ్చిన మర్యాదకు షరతు ఒక్కటే: తెల్లవారగానే విప్పవలెను.

విప్పననుకొన్న నాటినుండి వెల మొదలవుతుంది. ఢిల్లీకి పారిపోయి గురువు నీడ చేరిన తరువాత చీర కట్టుకొనే హక్కు దొరికినది. దానితోపాటు చేలా ధర్మమూ మెడకు పడినది. అంగళ్ల ముందు చప్పట్లు చరచి అడగడం, శుభకార్యాల ఇళ్ల ముందు ఆడడం, తెచ్చినది గురువు చేతిలో పెట్టడం. ఇక్కడ ఒక విషచక్రమున్నది. మంచి చీర, గాజులు, పొడుగు జుట్టు లేనిదే సంపాదన లేదు. సంపాదన లేనిదే అవి లేవు. చీర ఆమెకు విలాసవస్తువు కాదు, పెట్టుబడి. అప్పు తెచ్చిన పెట్టుబడి వంటిదే, వడ్డీ ముందు, అసలు తరువాత. ‘నిర్వాణం’ అని వారు పిలుచుకొనే శస్త్రచికిత్స, దాని తరువాత 40 రోజులు అద్దం చూడని నియమం, పిదప పసుపుతో, కొత్త చీరతో జరిగే క్రతువు – ఇవన్నీ ఖర్చుతో కూడినవే. పుట్టింటి పెళ్లికూతురి చీరకు తండ్రి అప్పు చేస్తాడు. ఈ పెళ్లికూతురి అప్పు ఆమెదే.

జుట్టు సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. తల్లికి ఒంట్లో బాగుండలేదని నమ్మించి ఇంటికి రప్పించి, అన్న బ్యాటుతో కొట్టి, ఆపైన తల గొరిగించిన ఘట్టంలో పాఠకుడు బ్యాటు దెబ్బకు ఎక్కువ ఉలికిపడతాడు. గ్రంథం ఉలికిపడినది గుండుకు. చీర చింపినా మరొకటి కొనవచ్చును. సవరం కొనవచ్చును గాని, సవరం ముడివేయడానికైనా కొంత సొంత జుట్టు కావలెను. జుట్టు వెల కాలంలో చెల్లించవలసినది. ఇంటివారికి ఈ లెక్క తెలియదనుకోరాదు. బాగా తెలిసియే మంగలి కత్తి పట్టించినారు. రచయిత్రి ఈ ఘట్టాన్ని వ్యాఖ్యానం లేకుండా విడిచిపెట్టడంలోనే ఆమె శక్తి ఉన్నది.

గ్రంథంలో లోపాలు లేకపోలేదు. సంఘటన మీద సంఘటన పడి కొన్నిచోట్ల ఊపిరి సలపదు. ఒక నగరానికీ మరొక నగరానికీ తేడా తెలియకుండా పోతుంది. ఢిల్లీ, బొంబాయి, బెంగుళూరు ఒకే వీధిగా కనిపిస్తాయి. చీరల రంగు, నేత చెప్పగల కన్ను ఉండి కూడా రచయిత్రి ఆ సౌఖ్యాన్ని తనకు తాను నిషేధించుకొన్నట్లున్నది. జాలిని కోరే గ్రంథంలో సంతోషం చెప్పడానికి సంకోచించినదేమో! ఇక తెలుగుసేత ఆంగ్లం మీదుగా వచ్చినది. తమిళపు పావాడకు, దావణికి ఆంగ్లం వివరణలు వెతుక్కోవలెను. తెలుగులో లంగా, ఓణీ అనే ఇంటి మాటలు సిద్ధంగా ఉన్నవి. పొరుగింటి బట్ట సముద్రం చుట్టి ఇల్లు చేరినట్లు, ఈ కథ తెలుగులో తన సహజమైన దుస్తులను తిరిగి పొందినదనవచ్చును. మూలం కంటె అనువాదానికి ఇట్టి లాభం అరుదుగా కలుగుతుంది.

చీర వెల అంగడిలో చెల్లినంత మాత్రాన తీరలేదు. రాజ్యం కూడా వెల కట్టినది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండవ భాగం ప్రకారం, నమోదైన ‘నపుంసకుడు’ స్త్రీవేషంతోగాని స్త్రీల నగలతోగాని వీధిలో కనబడితే రెండేండ్ల వరకు ఖైదు. నిజాం రాజ్యంలో ఫసలీ 1329, అనగా 1919 నాటి చట్టం ఆ అచ్చులోనే పోసినది. శిక్ష అంతే, వారంటు లేకుండా పట్టుకోవచ్చును. ఆ శాసనం ఆంధ్రప్రదేశ్ (తెలంగాణా ప్రాంత) పేరుతో స్వాతంత్ర్యానంతరం కూడా గ్రంథస్థమై ఉండి, 2023 జులైలోగాని తెలంగాణా హైకోర్టు చేత కొట్టివేయబడలేదు. రవీంద్రభారతిలో భామావేషానికి శాలువా కప్పుతున్న రోజులలోనే, ఆ భవనం బయటి వీధిలో అదే చీరకు రెండేండ్ల ఖైదు చట్టపుస్తకంలో ఉన్నదన్నమాట. ఈ వైచిత్రిని గుర్తించకుండా తెలుగు రంగస్థల చరిత్ర వ్రాయడం సగం చరిత్ర వ్రాయడమే.

ఇంతకంటె దూరపు శిక్ష మరొకటున్నది. భారత శిక్షాస్మృతి 377వ సెక్షను తొలిరూపంలో విధించినది యావజ్జీవ ద్వీపాంతరవాసం. 1884లో అలహాబాదు హైకోర్టు ముందుకు వచ్చిన ఖైరాతీ కేసులో నిందితునిపై పోలీసుల దృష్టి పడినది స్త్రీవేషంతో పాడుతూ కనబడినందుకే. నేరం ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో జరిగినదో ఋజువు కానందున పై కోర్టు విడిచిపెట్టినది. కింది కోర్టు శిక్ష వేయడానికి మాత్రం ఆ వివరాలు అవసరం కాలేదు. చీర కొంగు పట్టుకొని లాగితే అవతలి కొసన అండమాను ఉన్నదన్నమాట. 1858లో ఖైదీల వలసగా ఏర్పడిన ఆ దీవుల పేరే మన పల్లెలలో చాలాకాలం ద్వీపాంతరానికి మారుపేరుగా ఉండినది.

నేడు ఆ దీవులు ఖైదు కావు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వేటకు, కూలికి, ఉద్యోగాలకు పోయిన తెలుగువారికి అవి ఇల్లు. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుషులు కాక ‘ఇతరులు’గా అండమాన్ నికోబార్ దీవులలో నమోదైనవారు 47 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. పెద్ద అంకె చాటున మనిషి దాగవచ్చును. 47లో దాగడానికి చోటు లేదు. 2014లో సుప్రీంకోర్టు దుస్తుల ద్వారా తన లింగభావాన్ని వ్యక్తం చేసుకోవడం రాజ్యాంగంలోని భావప్రకటన స్వేచ్ఛలో భాగమన్నది. తీర్పు జరిమానాను తొలగించినది. అంగడి వెలను తొలగించలేదు, అది దాని పనీ కాదు.

ఆ వెల ద్వీపంలో ఏ రూపం దాల్చునో ఊహించడం కథకుని పని. రేవతికి పారిపోవడానికి రైలున్నది. పోర్టుబ్లెయిరు (2024 నుండి శ్రీవిజయపురం) నుండి చెన్నైకైనా, విశాఖకైనా ఓడలో రోజుల తరబడి ప్రయాణం, విమానమైతే దానికి తగిన రుసుము. ఊరికి ప్రధానమైన బజారు అబర్డీన్ బజారు. అక్కడ ఎదురుపడే ముఖాలు నిత్యం ఎదురుపడేవే. అందువలన రెండు పెట్టెల సంసారం తప్పదు: ఉద్యోగానికి చొక్కాలు ఒక పెట్టె, తనకు చీరలు మరొక పెట్టె. ఎవరైనా చూస్తారన్న భయంతో రెండవ పెట్టెను ఒకనాడు పారవేసి, ఆరు నెలలకు మళ్లీ కొని నింపుకొనేవారు ఎక్కడైనా ఉన్నారు. ఒకే జీవితంలో అదే చీరకు రెండుసార్లు, మూడుసార్లు వెల కట్టడమిది. గాజుల అంగడిలో 2.4, 2.6, 2.8 కొలతలు సులభంగా దొరుకుతాయి. మగవాని ఎముకతో పెరిగిన చేతికి అవి ఎక్కవు. చెప్పులదీ అంతే.

చీర మాత్రం ఉదారమైనది. ఐదున్నర మీటర్ల బట్ట ఎవరినీ కొలత అడగదు, పొడగరినీ పొట్టివారినీ, వెడల్పు భుజాలనూ సన్నని నడుమునూ ఒకే తీరున చుట్టుకొంటుంది. కొలత అడిగేది జాకెట్టు. దర్జీ ముందు నిలిచి, టేపుకు భుజాలు అప్పగించి, “ఎవరికి?” అన్న ప్రశ్నకు “అక్కకు” అనో “నాకే” అనో చెప్పవలసి ఉన్నది. మన కథకులు ఈ వస్తువును చేపట్టినప్పుడు ఆసుపత్రి గదితో మొదలుపెట్టడం పరిపాటి అయినది. దర్జీ అంగడితో మొదలుపెట్టిన కథకునికి ఆ ఒక్క ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు చాలును.