‘శుభ్రం’ వెనక మాయమైనవాళ్ళు

కెరోల్ ఆడమ్స్ 1990లో రాసిన ‘ద సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్’ మళ్ళీ చదివాను. మాంసం అనే మాట వెనక చచ్చిన జంతువు మాయమైపోతుందంటుంది ఆమె. ఆడవాళ్ళ శరీరాల్ని కూడా అలాగే ముక్కలుగా చూడటం మగ పెత్తనానికి అలవాటని చూపిస్తుంది. ఆ విశ్లేషణ నన్నిప్పటికీ కదిలిస్తుంది.

కానీ మాంసం మగాధిక్యానికి గుర్తన్న సూత్రం మన దగ్గర తడబడుతుంది. ఇక్కడ తరతరాలుగా పెత్తనం చేసిన కులాల్లో కొన్ని మాంసం ముట్టనివే. బ్రాహ్మణ ఇళ్ళలో భర్త పోయిన ఆమె కంచంలోంచి ఉల్లి, వెల్లుల్లి కూడా తీసేసింది మాంసం తినే మగవాడు కాదు, మడి కట్టుకున్న ఇల్లు. 2012లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే గొడవలు, దాడులు జరిగాయి. అక్కడ మాంసం ఎవరి పెత్తనానికి గుర్తు?

ఇప్పుడు అందరి నోటా వినపడే ‘క్లీన్ ఈటింగ్’కి ఆడమ్స్ పద్ధతినే వర్తింపజేసి చూడండి. ఆ ‘క్లీన్’ వెనక, తిండి వల్లే మురికివాళ్ళనిపించుకున్న మనుషులు మాయమైపోతారు. బాదం నానబెట్టి, రుబ్బి, పాలు వడకట్టే ఆడమనిషి కూడా. (ఆ పాల గ్లాసు ఫోటోలో ఆమె చెయ్యి ఎప్పుడూ ఉండదు.)

వీగన్లది వేరే సంగతి. గేదె నుంచి దూడని ఎందుకు విడదీస్తున్నారని వాళ్ళడిగేది న్యాయమైన ప్రశ్నే. ‘శుభ్రం’ ఊసెత్తకుండా అడిగితే కూర్చుని వింటాను.