కిందపడ్డవాడి పట్టు

మన కుస్తీలో ఒక నియమం మహా కఠినం. రెండు భుజాలూ మట్టికి తగిలాయా, ఇక చిత్. డప్పులు గెలిచినవాడి వైపు తిరుగుతాయి. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగిసే మన ఉత్తర తెలంగాణ పోటీల్లో కిందపడ్డ పహిల్వాన్ అందుకే బోర్లా తిరిగి నేలను కరుచుకుంటాడు. ఆ విద్య బలమెంతో 1910లో లండన్‌లో గామా పహిల్వాన్‌కే తెలిసొచ్చింది. పోలండ్ మల్లుడు జిబిస్కో రెండు గంటలకు పైగా చాపకు అతుక్కుపోతే, అంతటి గామా అతన్ని వెల్లకిలా తిప్పలేకపోయాడు. 1928లో పాటియాలాలో నిమిషం లోపే పడగొట్టి బాకీ తీర్చుకున్నాడనుకోండి. గామా గామానే!

బ్రెజిలియన్ జిజుట్సు ఈ లెక్కనే తలకిందులు చేసింది. జపాన్ జూడో యోధుడు మయెదా 1914లో బ్రెజిల్ చేరడం, గ్రేసీ కుటుంబం ఆ విద్య అందుకోవడం, బక్కపలచని హీలియో గ్రేసీ దానికి సానబట్టడం. చరిత్ర ఇంత చాలు. వీళ్లకు వెల్లకిలా పడటం ఓటమి కాదు. కాళ్లతో ప్రత్యర్థిని అదుపులో పెట్టే ఆ స్థితి గార్డ్. అక్కడి నుంచి పైవాడిని తిరగేసి మనం పైకెక్కడం స్వీప్. కొత్తవాళ్లకు తొలినాళ్లలో నేర్పేది కత్తెర స్వీప్.

పైవాడు మన కాళ్ల మధ్య మోకాళ్ల మీద ఉంటాడు. ఎడమ చేత్తో అతని కుడి చొక్కాచెయ్యి, కుడి చేత్తో కాలరు పట్టాలి. నడుము జరిపి ఎడమ తుంటి మీదికి ఒరగాలి. కుడికాలు మోకాలి కింది భాగాన్ని అతని పొట్టకు అడ్డంగా ఆనించి, ఎడమకాలు అతని కుడి మోకాలి పక్కన నేలబారుగా పరచాలి. కొత్తవాడు ఇక్కడే కాళ్లు ఆడించి భంగపడతాడు. బరువంతా మోకాళ్ల మీద ఉన్న మనిషి కదలడు గాక కదలడు. ముందు గుంజాలి. అతని బరువు మన కాలి మీదికి వచ్చి, మోకాళ్లు తేలికయ్యే ఆ క్షణంలోనే కుడికాలు ఎడమకు తొయ్యాలి, ఎడమకాలు అతని మోకాలిని వెనక్కి కొయ్యాలి. ఆనుకుందామంటే కుడిచెయ్యి మన పట్టులో ఉందాయె, కూలిపోక ఏం చేస్తాడు? అదే ఊపులో మనం అతని పొట్ట మీద కూర్చుంటాం. కండతో పని లేదు. "జోరు తర్వాత బిడ్డా, ముందుగాల గుంజు" అని మన కుస్తీ తాలింఖానాలో ఉస్తాద్ గదమాయించేదీ ఈ సంగతే. మన కుస్తీ పట్లు ధోబీ పఛాడైనా, కలాజంగైనా, ఎదుటివాడి కాలు తేలకుండా పారిందెప్పుడు?

నేను మట్టి కుస్తీ పక్షమే, దాచుకోను. నూనె, పసుపు, మజ్జిగ కలిపిన ఆ మట్టి ఒంటికి మందని పెద్దలంటారు, నిజమే అయ్యుంటుంది. కానీ ఆ కుస్తీ గుంటల్లోకి దిగేవాళ్లేరీ? సిరిసిల్ల కుర్రాడికి మరమగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు, జగిత్యాల, కోరుట్ల కుర్రాడికి గల్ఫ్ వీసా. విచిత్రమేమంటే, వాళ్లు చెమటోడ్చే ఎమిరేట్స్‌లో ఇదే జిజుట్సును బడి పిల్లలకు నేర్పుతున్నారు. ప్రపంచ మేటి పట్టువీరులు తలపడే ఏడీసీసీ పోటీలు 1998లో అబుదాబిలోనే మొదలయ్యాయి. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లోనూ ఈ విద్యకు చోటు దొరికింది. మనం మాత్రం కోడి రామ్మూర్తి నాయుడు గొలుసులు తెంచిన కథలు చెప్పుకుని మురుస్తున్నాం.

ఒళ్లు మండేది నకిలీలను చూస్తే. బ్లాక్ బెల్టుకు పదేళ్లు పట్టే విద్యను రెండు రోజుల శిబిరంలో చుట్టేసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, ఫొటో దిగి పంపేస్తున్నారు. ఒక్కసారైనా ఎదురు తిరిగే మనిషి మీద పట్టు వేయనివాడికి ఏం వచ్చినట్టు? జాతరల్లో ముందే మాట్లాడుకుని పడిపోయే నూరా కుస్తీ ఇంకో దరిద్రం. జనం ఈలలు వేస్తారు, ఉస్తాద్‌లు తల దించుకుంటారు.

జాతర కమిటీల పెద్దలారా, ఏటేటా కడెం తులాలు పెంచడం ఆపండి. ఆ డబ్బుతో గుంటలో మట్టి తిరగేయించండి, ఉస్తాద్‌కు నెలజీతం కట్టండి. పక్కనే నాలుగు చాపలు పరిస్తే, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన పిల్లవాడెవడైనా అక్కడ నేర్చుకున్న గార్డ్ మన పిల్లలకు చూపిస్తాడు, మనవాళ్లు వాడికి ధోబీ పఛాడ్ చూపిస్తారు.