నాలుగు తీగల పనితనం

ప్లాటినం తీగ నిరోధాన్ని బట్టి ఉష్ణోగ్రత చెప్పొచ్చని 1871లోనే సీమెన్స్ అనే ఇంజనీరు అన్నాడు. కానీ ఆయన థర్మామీటరు గట్టిగా కాలి చల్లారితే లెక్క తప్పేది. తీగ శుభ్రంగా, బిగువు పడకుండా ఉంటే అది మాట తప్పదని 1887లో కేంబ్రిడ్జి కుర్రాడు హ్యూ కాలెండర్ తేల్చేశాడు. ఆ చేతికి దండం పెట్టాలి! ఇప్పుడు మనం డేటా లాగరుకు తగిలించే పీటీ-100 సెన్సారు ఆ వంశానిదే.

సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు. ఆపైన డిగ్రీకి సుమారు 0.385 ఓము పెరుగుతుంది, అంతే. అందుకే సెన్సారుకూ లాగరుకూ మధ్యలోని రాగి తీగ కూడా లెక్కకొస్తుంది. రెండు తీగల కనెక్షన్‌లో రానూపోనూ ఒక ఓము కలిసిందంటే లాగరు రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. నాలుగు తీగలైతే ఒక జత కరెంటు మోస్తుంది, రెండోది వోల్టేజీ చూస్తుంది. చూసే జతలో కరెంటు దాదాపు పారదు కనుక కేబుల్ పొడవుతో పేచీ లేదు. మూడు తీగలవాళ్లను సహిస్తాను, ఒక టెర్మినల్ తుప్పు పట్టి తీగల నిరోధాలు సమానం తప్పేదాకా.

పనిమంతుడు తీగ కొసలు మెలిపెట్టి దూర్చడు, ఫెరూల్ తొడిగి క్రింప్ చేస్తాడు. షీల్డును లాగరు వైపే ఎర్త్ చేస్తాడు. మోటారు కేబుల్ పక్కన సెన్సారు కేబుల్ చచ్చినా లాగడు. ప్రోగ్రాములోనూ అదే నిష్ఠ. కొలిచే క్షణంలోనే సెన్సారుకు కరెంటు ఇస్తాడు, లేకపోతే అది తనంతట తానే వేడెక్కుతుంది. పోలారిటీ తిప్పి మళ్లీ కొలిచి సగటు తీస్తాడు, జాయింట్లలో పుట్టే చిల్లర వోల్టేజీ అందులో పోతుంది. తీగ తెగితే సున్నా కాదు, రీడింగ్ లేదనే రాయిస్తాడు. సున్నా కూడా ఒక ఉష్ణోగ్రతే కదా!

ఇక బజారు కిట్ల సంగతి. అసలు డీఎస్18బీ20 సెన్సారు చిప్ మీద నాకు కోపం లేదు. 4.7 కిలో ఓముల పుల్-అప్ రెసిస్టరు పెడితే మామూలు వేడిలో అర డిగ్రీ తేడాలో పలుకుతుంది. కోపమంతా నకిలీల మీద, కాపీ కొట్టిన కోడు మీద. పవర్ రాగానే ఆ చిప్‌లో 85 డిగ్రీలు ఉంటుంది. పూర్తి రిజల్యూషన్‌లో వేడిని అంకెగా మార్చడానికి ముప్పావు సెకను పట్టొచ్చు. ఆగకుండా చదివితే ఆ 85 రికార్డుకెక్కుతుంది. ఒక కోల్డ్ స్టోరేజీ రికార్డులో చూశాను: మిర్చి గదిలో అర్ధరాత్రి 85 డిగ్రీలట! అడిగే నాథుడు లేడు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఫ్రిజ్‌లకూ ఇలాంటివే బిగిస్తే ఎవరిది పాపం?

గుంటూరు కోల్డ్ స్టోరేజీ యజమానులారా, బిల్లు కట్టే ముందు మంచు పరీక్ష అడగండి. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐసును పొడిచేసి ఫ్లాస్కులో నింపి, అదే నీళ్లు ఖాళీలు నిండేటన్ని పోయించండి. సెన్సారును అడుగు తగలకుండా దించి పావుగంట ఆగండి. లాగరు సున్నా దగ్గర నిలబడకపోతే చెక్కు మీద సంతకం పెట్టొద్దు.