గోండుల సగలు – కొడవలి కణములు

బేగంబజారు టోకు దుకాణములలో సారపప్పు కొనువారికి ఆదిలాబాదు అడవులు జ్ఞప్తికి రావు. ఆ అడవులలో సారపప్పు ఏరుకొను గోండులను గూర్చి నగరమునకు తెలిసినదానిలో హెచ్చుభాగము ఒక్క మానవశాస్త్రజ్ఞుని చలువయే. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము పోలీసు కాల్పులలో మరణించిన పిమ్మట, గోండుల అసంతృప్తికి కారణము లరయు పనిని నైజాము ప్రభుత్వము క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు అప్పగించినది. ఆయన మార్లవాయిలో నివసించి, భూమికి పట్టాలు, గోండీలో చదువు కావలెనని సూచించినారు. 1943లో గోండు విద్యాపథకము మొదలైనది.

ఆయన గ్రంథము ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ (1948) సగ వ్యవస్థను వర్ణించినది. గోండులు నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు దేవతలవారుగా నాలుగు సగలు. ఒకే సగలో పెండ్లి కూడదు. ఇది పురాణగాథల ముచ్చటగా మాత్రమే చదువబడుచుండుట విచారకరము. వైద్యునికి ఇందు కావలసినది చాల కలదు.

కొడవలి కణ వ్యాధి తలిదండ్రుల నుండి సంక్రమించును. ఇరువురు వాహకులు పెండ్లియాడినచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాల్గింట ఒకవంతు. ఒకరు మాత్రమే వాహకులైన ఏ బిడ్డకును వ్యాధి రాదు. సగ తండ్రి వంశమును బట్టి వచ్చును. జన్యువు తల్లి నుండియు వచ్చును. కనుక సగ నియమము తండ్రి వైపు దగ్గరి బంధువులనే దూరముంచును. మేనమామ కూతురు వేరు సగది. గోండులలో మేనరికము మెచ్చదగిన సంబంధము. తాత అవ్వలలో ఒకరి జన్యువు ఆ త్రోవనే వధూవరులిరువురిలోను చేరవచ్చును.

మన దేశమున ఈ కణములు మొదట 1952లో నీలగిరులలో గుర్తింపబడినవి. కనుక 1948 గ్రంథమున ఈ ప్రస్తావన లేకుండుట లోపము కాదు. కాని ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ (1982) మాట వేరు. భూమికి, అడవికి, విద్యకు అధ్యాయములు కేటాయించిన ఆ గ్రంథమున ఆరోగ్యమునకు ప్రత్యేకాధ్యాయము లేదు. భూమి పోయిన తీరును అంత నిశితముగా చూచిన కన్ను రోగమును చూడకపోవుట వింతయే!

2023 జూలైలో ఆరంభమైన జాతీయ కార్యక్రమము గిరిజన ప్రాంతములలో నలుబది యేండ్లలోపు వారు ఏడు కోట్ల మందిని పరీక్షింప సంకల్పించి, ఫలితము తెలుపు కార్డు లిచ్చుచున్నది. వాహకురాలు రోగి కాదు. ఆ సంగతి గోండీలో, పెండ్లి మాటలకు ముందే, పెద్దల యెదుట చెప్పకున్నచో ఆ కార్డు చూచి పిల్లను వద్దనువారే యెక్కువగుదురు.