పుస్తకములోని ఊరు, తెర మీది ఊరు

ఒక ప్రియమైన నవల చలనచిత్రము కానున్నదను మాట పుట్టగానే దానిని ప్రేమించిన పాఠకులకు రెండు భావములు ఒకేసారి కలుగును. చదివిన ఊరిని కన్నులార చూడగలమన్న ఆశ ఒకటి. ఆ ఊరు ఇక తమది కాకుండ పోవునన్న దిగులు మఱొకటి. ఈ దిగులును విమర్శకులు తఱచు చాదస్తమని కొట్టివేయుదురు. అది న్యాయము కాదు.

అండమాను దీవులలోని తెలుగువారి విషయమున ఈ దిగులునకు మఱింత అర్థమున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఓడ యెక్కి వచ్చిన కుటుంబములు పోర్టు బ్లెయరులో తరముల నుండి నివసించుచున్నవి. (2024లో ఈ పట్టణమునకు శ్రీ విజయపురమని పేరు మార్చిరి, నోటికి మాత్రము పాత పేరే వచ్చును.) ఇచ్చట అందఱును కలిసి మాటాడుకొను భాష హిందీ. తెలుగు ఇంటిలోనిది. తాత చదువును, తండ్రి కూడబలుకుకొని చదువును, మనుమడు విని నవ్వును గాని చదువజాలడు. ఇట్టి యిండ్లు ద్వీపములలోనే గాదు, తెలుగుదేశము వెలుపల ఎచ్చటనైనను కలవు.

అట్టి యొక యింట మొక్కపాటి నరసింహశాస్త్రిగారి “బారిష్టరు పార్వతీశము” ఉన్నదనుకొందము. మొగల్తూరు కుఱ్ఱవాడు రైలెక్కి మద్రాసు చేరి, ఓడ యెక్కి సీమకు పోయి, బారిష్టరగుటకు పడిన పాట్లే దాని కథ. గోదావరి జిల్లా పాఠకునకు ఓడ ఘట్టము హాస్యము మాత్రమే. బంగాళాఖాతము మీద రెండు మూడు దినములు కడుపు చేతబట్టుకొని వచ్చినవాని సంతతికి అది ఇంటి చరిత్ర.

ఈ నవల 1940లోనే తెరకెక్కినది. ఆర్. ప్రకాశ్ గారు దర్శకులు. పార్వతీశము వేషము లంక సత్యంగారిది. ఎనిమిది దశాబ్దములు దాటినవి. నేటికిని పార్వతీశమనగా మనకు పుస్తకమే గుర్తుకు వచ్చును. కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. పార్వతీశము కథను మనకు చెప్పుచున్నవాడు పార్వతీశమే. ఆడవారి టోపీ పెట్టుకొని తిరిగిన కుఱ్ఱవాడు వేఱు, ఆ సంగతిని పిమ్మట తలచుకొని మనతో చెప్పుచున్న పెద్దమనిషి వేఱు. నవ్వంతయు ఈ యిద్దఱి నడుమ నున్నది. పెద్దవాడు చిన్నవానిని వెక్కిరించును గాని విడనాడడు. ఆ వెక్కిరింతలోనే మొగల్తూరు మీది మమకారము, పోయిన కాలము మీది బెంగ దాగియున్నవి. కెమేరాకు గతకాలము తెలియదు. అది చూపినదెల్ల ఇప్పుడే జరుగుచున్నట్లుండును. టోపీ పెట్టుకొన్న కుఱ్ఱవానిని అది చక్కగ పట్టుకొనును. చెప్పువాడు దానికి చిక్కడు. చెప్పువాడు జాఱిపోయినచో మిగులునది వట్టి తెలివితక్కువవాడు. అప్పటి నవ్వు మనలను చూచి మనము నవ్వుకొను నవ్వు కాదు, పల్లెటూరివానిని చూచి పట్నమువాడు నవ్వు నవ్వు. నేపథ్యమున ఒక గొంతు వినిపించిన చాలుననువారు కలరు. కొంతవఱకు నిజమే, గొంతు పెరిగినకొలది బొమ్మ నిద్రపోవుననుటయు నిజమే.

విశ్వనాథవారి “ఏకవీర” 1969లో చిత్రముగ వచ్చినది. రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున నటించిరి. సంభాషణలు నారాయణరెడ్డిగారు వ్రాసిరి. శక్తిమంతులకు కొఱత లేదు. కాని ఆ నవలలో జరుగునది కొంచెము, లోలోపల అణచుకొనునది కొండంత. మధుర కోటను గుడ్డతోను చెక్కతోను కట్టవచ్చును. విశ్వనాథ వాక్యమును కట్టుటకు ఏ సామగ్రి కలదు?

“దేవదాసు” సంగతి తలక్రిందులు. శరత్ బాబు నవల 1917లో అచ్చయినది. 1953లో వేదాంతం రాఘవయ్యగారు దానిని తెలుగున తీయుచున్నప్పుడు, ఆ పాత్రకు అక్కినేని నాగేశ్వరరావుగారు తగరని పెదవి విఱిచినవారున్నారు. చిత్రము వచ్చిన పిమ్మట దేవదాసన్న ఆ ముఖమే. 1974లో విజయనిర్మలగారు కృష్ణగారితో మఱల తీసినను అది చెఱగలేదు. ఇది విజయమే, సందేహము లేదు. అయినను అనువాదము చేయు అలవాటుగలవాడనగుటచే నాకొక చిన్న బాధ. నవలలో దేవదాసు గాలపు కఱ్ఱతో పార్వతి నుదుట కొట్టును. శరత్ బాబు ఆ దెబ్బను మెత్తబఱుపలేదు. ఆ మచ్చను గుర్తుంచుకొనియే మనము దేవదాసును వెంబడింపవలెను. ఇచ్చట ఘంటసాలవారి గొంతు వినబడగానే వానిని క్షమించివేయుదుము. నవల చివరి పుటవఱకు ఆగి అడిగిన జాలిని చిత్రము ఒక్క పాటతో రాబట్టుకొన్నది.

దీవులలో మన పొరుగువారు బంగాళీలు. దేశవిభజన తరువాత, 1949 మొదలుకొని, తూర్పు బెంగాలు కుటుంబములకు ఇచ్చట భూములిచ్చిరి. వారికి దేవదాసులు పెక్కురు: 1935 నాటి ప్రమథేశ్ బారువా, 1955 నాటి బిమల్ రాయ్ చిత్రములోని దిలీప్ కుమార్, 2002 నాటి భన్సాలీ చిత్రములోని షారుఖ్ ఖాన్. ఇన్ని ముఖములున్నచోట ఏ యొక్క ముఖమును నవలను మ్రింగజాలదు. మనకట్లు కాదు. ఒక నవలకు ఒక చిత్రము, అదియు ఏ ముప్పది ఏండ్లకో. చెడ్డ చిత్రము నాకంత భయము కలిగింపదు, మఱచిపోవుదురు. మంచి చిత్రము ఒక్కటే యుండుట భయము.

కనుక పార్వతీశము మఱల తెరకు రావలెననియే నా కోరిక. చదువలేని ఆ మనుమనికి మఱొక ద్వారము లేదు. తీయువారు మూడు భాగములను రెండున్నర గంటలలో కుక్కరాదు. మొదటి భాగము చాలును. మొగల్తూరు మాటను పట్నపు మాటగా దిద్దరాదు. చెప్పువానిని ఎట్లైనను ఓడలోనికి ఎక్కించుకొనవలెను. ఆ ఉపాయము వారే కనుగొందురుగాక. ఇంతలో ఆ యింటి తాత ఓడ ఘట్టమును పైకి చదువుచునే యుండును. మనుమడు చిత్రము చూచివచ్చి, ఇది తాత చదివినట్లు లేదని అలిగినచో దర్శకులు కోపింపరాదు.