ఏ తీగా ఖాళీగా ఉండకుండా

సింగపూర్‌లోని బూన్ లే ఇంటర్‌ఛేంజ్‌లో బయలుదేరిన 179 నంబరు బస్సు నాన్యాంగ్ యూనివర్సిటీని చుట్టి మళ్ళీ బూన్ లేకే వస్తుంది. అక్కడ అందరూ దిగాల్సిందే. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆ ఆఖరి స్టాపు లేదు. ఐపీ ప్యాకెట్‌కు ఉన్న ఆయుష్షు లెక్క దాని తలరాతలో లేదు. స్విచ్‌ల మధ్య తీగలు వలయంగా కలిస్తే, ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము నకళ్ళు పుట్టిస్తూ తిరిగి తిరిగి క్షణాల్లో నెట్‌వర్క్‌ను ముంచేస్తుంది. పోనీ వలయం లేకుండా కడితే, ఒక తీగ తెగిన రోజు దిక్కుండదు.

1985లో డెక్ కంపెనీలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి విరుగుడు చూపారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని ఒకదాన్ని రూట్‌గా ఎన్నుకుంటాయి, అదనపు దారులను మూసి చెట్టులా మిగులుతాయి. ఐఈఈఈ దాన్ని 802.1డి ప్రమాణంగా 1990లో అచ్చువేసింది.

చిక్కల్లా మూసిన తీగతోనే. డబ్బు పెట్టి లాగిన కేబుల్, రెండోది తెగేదాకా ఊరికే పడి ఉంటుంది. బూన్ లేకు పడమట ఒక ఫ్యాక్టరీ ఉందనుకుందాం. అందులో యంత్రాలకు, కెమెరాలకు, ఫోన్లకు, ఆఫీసుకు కలిపి 300 వీల్యాన్లు, అంటే అవే తీగల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు. ప్రతి అంతస్తు స్విచ్ నుంచీ రెండు కోర్ స్విచ్‌లకు చెరో తీగ. సిస్కో పద్ధతిలో వీల్యాన్‌కొక చెట్టు వేయవచ్చు, తీగలు రెండూ పనిచేస్తాయి. కానీ 300 లెక్కలు, వీల్యాన్లన్నిటినీ మోసే ప్రతి తీగ మీదా 2 సెకన్లకోసారి 300 హలో సందేశాలు! నిజానికి అక్కడ కావలసిన ఆకారాలు రెండే: మొదటి కోర్ రూట్‌గా ఒకటి, రెండో కోర్ రూట్‌గా ఇంకొకటి.

2002లో వచ్చిన 802.1ఎస్, అంటే మల్టిపుల్ స్పానింగ్ ట్రీ, ఈ గమనింపు మీదే నిలబడింది. సగం వీల్యాన్లను ఒక చెట్టుకు, మిగతా సగాన్ని రెండో చెట్టుకు కడతాం. ఒకదానికి మూసిన పోర్టు రెండోదానికి తెరిచే ఉంటుంది. చెట్లన్నిటి కబురూ ఒకే సందేశంలో సర్దుకుంటుంది: చెట్టుకు 16 బైట్ల చొప్పున గరిష్ఠంగా 64 చెట్లకు 1024 బైట్లు. అన్నీ కలిపినా ఒక్క ఈథర్‌నెట్ ఫ్రేములో పడతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం వేరేచోట ఉంది. ఏ వీల్యాన్ ఏ చెట్టుదో స్విచ్‌లన్నీ ఒకేలా అనుకోవాలి, లేకపోతే మళ్ళీ వలయమే. అది రాసుకునే పట్టికలో 4096 గడులు. దాన్ని 2 సెకన్లకోసారి ఎవరు మోస్తారు? అందుకే ఎండీ5తో దాన్ని 16 బైట్ల డైజెస్ట్‌గా పిండి, రీజియన్ (ఒకే పట్టికను పాటించే స్విచ్‌ల గుంపు) పేరు, రివిజన్ నంబరుతో కలిపి పంపుతారు. ఇందులో వాడే తాళంచెవిని ప్రమాణంలోనే బాహాటంగా అచ్చేశారు, ఎందుకంటే ఇది దొంగలను ఆపడానికి కాదు, పోల్చుకోవడానికే. ప్రమాణాన్ని పాటించే ఏ కంపెనీ స్విచ్ అయినా, పట్టికను ముట్టుకోకపోతే డైజెస్ట్ ఏసీ36తోనే మొదలవుతుంది. డైజెస్ట్, పేరు, రివిజన్ మూడూ కలిస్తే ఒకే రీజియన్. బయటివాళ్ళకు ఆ రీజియన్ మొత్తం ఒకే ఒక్క స్విచ్‌లా కనిపిస్తుంది.

ఈ పట్టింపు ఇంజనీర్లను ఏడిపిస్తుంది కూడా. ఒక్క స్విచ్‌లో ఒక్క వీల్యాన్‌ను అటు మార్చినా డైజెస్ట్ మారి, ఆ స్విచ్ పరాయిదైపోతుంది. నా దృష్టిలో అది సరైన కాఠిన్యమే: అనుమానం వస్తే విడిగా నిలబడటం, కలిసి వలయంలో పడటం కన్నా మేలు. తెలిసినవాళ్ళు వాడబోయే వీల్యాన్ నంబర్లను కూడా మొదటిరోజే రెండు చెట్లకూ పంచేసి, ఆ పట్టిక జోలికి మళ్ళీ పోరు.