రచయిత బడికి వచ్చిన రోజు

బాలసాహిత్యాన్ని గురించి మన విమర్శకులు వ్రాసినది బహు స్వల్పం. ఆ కొద్దిపాటిలోనూ ‘సరళమైన శైలి’, ‘నీతిదాయకం’ అన్న రెండు ముద్రలు వేసి ఊరుకుంటారు. పిల్లల పుస్తకం వ్రాసేది పెద్దవాడు. అచ్చు వేసేదీ, కొనేదీ పెద్దవాడే. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారాలు ఇస్తున్నది. ఆ నిర్ణయమూ పెద్దలదే. ఎవరి కోసం వ్రాశామంటున్నామో ఆ పిల్లల మాట మాత్రం ఎక్కడా నమోదు కాదు. రచయితలను బడికి పిలవడమనే పనిని నేను యీ దృష్టితోనే చూస్తాను.

పిల్లలను కలుసుకోవడం మన రచయితలకు కొత్త కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో బాలానంద సంఘం స్థాపించి, పిల్లలనే రేడియో దగ్గరకు రప్పించారు. బాలబంధు బి.వి. నరసింహారావు తన పాటలను పిల్లల మధ్య నిలబడి పాడించి, ఆడించారు. మన దంగేరులో పుట్టిన చింతా దీక్షితులు (1891–1960) విద్యాశాఖలో పనిచేసినవారు. ‘లక్కపిడతలు’ అన్న పేరే ఆయన పిల్లల ఆటసామానులోనుంచి తీసుకున్నారు. వీరికి ప్రత్యేకంగా ‘సందర్శన’ అవసరం లేకపోయింది.

ఇప్పటి సందర్శనల సంగతి వేరు. కొన్నేళ్ల క్రితం కోనసీమలో ఒక లంక బడికి మేము ఒక రచయితను తీసుకువెళ్లాము. పంటు మీద గోదావరి పాయ దాటి వెళ్లేసరికి పిల్లలు గంట నుంచి ఎండలో వరుసలు కట్టి ఉన్నారు. వేదిక, దండలు, శాలువా, ముఖ్య అతిథి అన్నీ అమిరాయి. పుస్తకం ఒక్కటే లేదు. ఏర్పాటు నాదే గనుక తప్పూ నాదే. రచయిత నలభై నిమిషాలు క్రమశిక్షణను గురించి ఉపన్యసించారు. పిల్లలు క్రమశిక్షణతో చప్పట్లు కొట్టారు.

మరుసటి ఏడు సభ మానేశాము. నెల ముందుగా ముప్పై ప్రతులు పంపి, అయిదవ తరగతి గదిలో పిల్లలతో కలిసి నేల మీద కూర్చున్నాము. రచయిత తన కథ చదివారు. వరదలో ఒక పేదవాడికి ఆసామి తన మేడ మీద చోటిస్తాడు. ఆ కృతజ్ఞతతో పేదవాడు ఏడాదంతా అతని పొలంలో ఊరికే పనిచేస్తాడు. కొబ్బరికాయలు వలిచే కూలీ కూతురొకతె లేచింది. “మాకు నీళ్లొచ్చినప్పుడు ఏటిగట్టు మీద ఉన్నామండి. మేడలోకి ఎవరూ రమ్మనలేదండి. అయినా ఆయన కూలెందుకు అడగలేదండీ?”

రచయిత వెంటనే జవాబు చెప్పలేదు. నేను అసలు తలెత్తలేదు. అదే కథను మెచ్చుకుంటూ ‘మానవతా దృక్పథం’ అని సమీక్ష వ్రాసినవాణ్ణి నేను. వర్గ దృష్టిని గురించి కళాశాలలో గంటలకొద్దీ పాఠం చెప్పే నాకు, ఆ కథలో ఎగ్గొట్టిన కూలి కనబడలేదు.

పిల్లలు అడిగినట్టల్లా వ్రాస్తే రచయిత స్వేచ్ఛ ఏమవుతుందని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. వ్రాయమని ఎవరన్నారు? వినమంటున్నాము. వినడానికి రచయిత ఒక రోజు వెచ్చిస్తాడు గనుక దారిఖర్చులూ, ప్రతిఫలమూ ఇవ్వాలి. శాలువా ఖరీదుతో కొన్ని ప్రతులైనా వస్తాయి.

ఆ కథ తరువాత మలిముద్రణకు వచ్చింది. ‘ఊరికే’ అన్న మాట తీసివేశారు. కూలి ఎంత ఇచ్చాడో మాత్రం చెప్పలేదు. ఆ ప్రతులనూ లంక బడికి పంపించాము.